మోకాలి లోతు నీళ్లలో కుర్చీ

అల్ ఖర్జ్ నుంచి సముద్రానికి అయిదు గంటల ప్రయాణం. రియాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఇసుక తప్ప ఏమీ ఉండదు. వెనక బండిలో ఐసు పెట్టెలకూ పరుపులకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న రత్తమ్మకు మాత్రం ఆ దారిలో ప్రతి పెట్రోలు బంకూ తెలుసు. 2007 జూన్‌లో అది ఆమెకు ఆరో ప్రయాణం.

ఏటా పిల్లల పరీక్షలు అవగానే నాసర్ కుటుంబం అల్ ఖోబర్ దగ్గర హాఫ్ మూన్ బీచ్‌లో ఒక ఇల్లు పది రోజులకు అద్దెకు తీసుకునేది. ఏ ఏడైనా అదే ఇల్లు. నాసర్ పశువుల డాక్టరు. ఇంట్లో ఆయన భార్య హయా, ముగ్గురు పిల్లలు, తల్లి ఉమ్ నాసర్. వంటా పనీ రత్తమ్మది. ఆ ఏడాది సాయానికి పర్వీన్ అని రాయచోటి పిల్లను కొత్తగా తెచ్చుకున్నారు. ఆమె అంతకుముందు సముద్రాన్ని చూసింది విమానం కిటికీలోంచే.

బండి ఆగగానే రత్తమ్మ వంటింటి కుళాయి తిప్పి, తుప్పునీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా వదిలేసింది. ఉప్పుగాలికి ఉబ్బిపోయిన పెరటి తలుపును భుజంతో ఎత్తి తెరిచింది. ఫ్రిజ్ ఊగకుండా కాలి కింద అట్టముక్క మడిచి పెట్టింది. గదుల్లో చేరిన ఇసుకంతా ఊడ్చి ఎత్తింది. రెండు గంటల్లో ఇల్లు, పోయినేడు వదిలి వెళ్లినప్పుడు ఎలా ఉందో అలా అయింది. చివరగా వంటింటి వెనక తన గదికి వెళ్లి కిటికీ తీసింది. అల్ ఖర్జ్‌లో ఆమె కిటికీకి ఎదురుగా ప్రహరీగోడ ఉంటుంది. ఇక్కడ సముద్రం.

పర్వీన్ వెనకే వచ్చి నిలబడింది. "అక్కా, ఇన్ని నీళ్లుండి తాగేదానికి పనికిరావా?"

"రావే పిల్లా."

"మా ఊర్లో బిందె నీళ్లకు కొట్టుకుంటారు. ఈడ చూడు, ఊరికే పడుండాయి."

రత్తమ్మ నవ్వింది. ఆమెది నరసాపురం అవతల పేరుపాలెం. తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. చిన్నప్పుడు పొద్దున లేస్తే అలల్లోనే ఆట. భర్త పోయాక కూతురు ఊర్మిలను చెల్లెలి దగ్గర ఉంచి, 2001లో సౌదీ వచ్చింది. వచ్చిన మరుసటి జూన్‌లో, తెల్లవారి నమాజు అయ్యాక అందరూ మళ్లీ పడుకున్నారు కదా అని, ఒక్కతే వెళ్లి నీళ్లలో నిలబడింది. కాసేపటికి వెనక అలికిడైంది. తిరిగి చూస్తే ఉమ్ నాసర్. తిడుతుందనుకుంది. ముసలామె చెప్పులు విడిచి, ఒక చెయ్యి చాపింది. అరవయ్యేళ్ల మనిషి, ఎడారిలో పుట్టి పెరిగింది. అప్పటిదాకా సముద్రంలో పాదం పెట్టలేదు. రత్తమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "షోయ షోయ, మామా" అని, అంటే మెల్లమెల్లగా అమ్మా అని చెబుతూ, మోకాళ్ల లోతుకు నడిపించింది. ఒంటినిండా తొడుక్కున్న నల్లటి అబాయా నీళ్లమీద గొడుగులా ఉబ్బితే ముసలామె చిన్నపిల్లలా నవ్వింది. అప్పటినుంచీ ఆ పది రోజులూ తెల్లవారి ఆ గంట వాళ్లిద్దరిదీ అయింది.

అయితే మొన్నటి చలికాలంలో ఉమ్ నాసర్ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగితే రాడ్డు వేశారు. నాలుగుకాళ్ల కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తోంది గానీ ఇసుకలో ఆ కర్ర దిగబడిపోతుంది. ఈసారి ప్రయాణం వద్దని కొడుకు అన్నా ఆమె వినలేదు. తీరా వచ్చాక వరండాలో కూర్చుని నీళ్లకేసి చూడటమే పనైంది. రెండోరోజు అన్నం కూడా సరిగా తినలేదు.

మూడోరోజు తెల్లవారి రత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుంది. ఉమ్ నాసర్‌ను అందులో కూర్చోబెట్టి తనో పక్క, పర్వీన్ ఒక పక్క పట్టి మోసుకెళ్లారు. అక్కడ అలలుండవు, నీళ్లు చెరువులా ఉంటాయి. మోకాలి లోతులో కుర్చీ దించారు. ముసలామె కళ్లు మూసుకుని చేతులు నీళ్లలో పెట్టింది. అంతలో వెనక కాళ్లు ఇసుకలోకి దిగి కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. రత్తమ్మ చటుక్కున ఒడిసిపట్టుకోబట్టి పడలేదు గానీ, వరండాలోంచి అది చూసిన హయా చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఎవరినడిగి తీసుకొచ్చావు? ఆ ఎముక మళ్లీ విరిగితే నాసర్‌కు నేనేం చెప్పాలి?"

హయా గొంతులో కోపం కంటే భయమే ఎక్కువని రత్తమ్మకు తెలుస్తూనే ఉంది. ఇక ఎవరూ మామాను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకూడదని హయా తేల్చి చెప్పింది. లోపలికి వచ్చాక ఉమ్ నాసర్ గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం రత్తమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ జరిగింది డ్రైవర్ మహబూబ్‌కు చెప్పింది. ఆయనది నిజామాబాద్ పక్క ఊరు, వడ్రంగం తెలుసు.

"కుర్చీ తప్పు గాదక్కా," అన్నాడు మహబూబ్. "సన్న కాళ్లు ఇసుకల దిగుతయి. కింద వెడల్పు పలక కడితే యాడికీ పోదు."

"కట్టగలవా?"

"కడ్త. గని మేడమ్ ఒప్పుకుంటదా?"

"నేను అడుగుతానులే. నువ్వు కట్టు."

సాయంత్రానికి ఆయన ఎక్కడినుంచో మందపాటి చెక్కపలక తెచ్చి, కుర్చీ కాళ్లు నాలుగూ దానికి బిగించాడు. వెనక్కి ఒరగకుండా అడ్డకర్ర వేశాడు. రత్తమ్మ ముందు తానే దాన్ని నీళ్లలోకి తీసుకెళ్లి కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసింది. కదల్లేదు. తడిసిన బట్టలతోనే హయా దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆరేళ్లలో ఆమె ఆ ఇంట్లో ఏదీ నోరు తెరిచి అడగలేదు. వచ్చిన అరబీ మాటలన్నీ కూడదీసుకుంది.

"మేడమ్, మామా ఏడాదంతా ఈ పది రోజుల కోసం చూస్తుంది. కుర్చీ ఇప్పుడు గట్టిగా ఉంది. మీరూ రండి. ఒక పక్క మీరే పట్టుకోండి. నచ్చకపోతే వెంటనే తెచ్చేద్దాం."

"నాకు నీళ్లంటే భయం, రత్తా," అంది హయా.

"మామాకూ భయమే ఉండేది."

మర్నాడు తెల్లవారి ముగ్గురూ కుర్చీ మోశారు. ఆడవాళ్లు దిగుతున్నారని మహబూబ్ ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు. కుర్చీ దించాక హయా చెయ్యి తీయలేదు, వంగి పలక కదులుతుందేమోనని చూస్తూనే ఉంది. ఉమ్ నాసర్ దోసిటితో నీళ్లు తీసి మొహం మీద చల్లుకుంది. ఆ తర్వాత కోడలి మొహం మీదా చల్లింది. హయా ఉలిక్కిపడి, తడిసిన అబాయాతో అక్కడే అత్త కాళ్ల దగ్గర నీళ్లలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పర్వీన్ రత్తమ్మ భుజం పట్టుకుని, "అక్కా, మేడమ్ నగుతాండాది," అంది ఆశ్చర్యంగా. ఆ ఇంట్లో చేరి నాలుగు నెలలైనా ఆ నవ్వు ఆమె వినలేదు.

మిగతా ఆరు రోజులూ నలుగురూ వెళ్లారు. మరుసటి ఏడాదీ వెళ్లారు. 2009 జనవరిలో ఉమ్ నాసర్ నిద్రలోనే పోయింది. అప్పటికి ఊర్మిల నర్సింగ్ పూర్తిచేసి ఏలూరులో ఉద్యోగంలో చేరింది. ఇక ఇంటికి వెళ్లిపోతానని, మళ్లీ రాకుండా వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ వీసా ఇప్పించమని రత్తమ్మ అడిగింది. హయా కాదనలేదు. "జూన్ దాకా ఉండు. ఆ పది రోజులూ అయ్యాక దమ్మామ్ నుంచే విమానం ఎక్కుదువు గాని," అంది.

ఆ జూన్‌లో చివరిరోజు తెల్లవారి హయా, రత్తమ్మ ఇద్దరే నీళ్లలోకి వెళ్లారు. రత్తమ్మ తలారా ఒక మునక వేసింది. ఎండెక్కేదాకా నడుము లోతులో నిలబడి, ఒడ్డున పిల్లలకు పర్వీన్ రొట్టె తినిపించడం చూశారు. హయా రత్తమ్మ చెయ్యి వదల్లేదు. తర్వాత రత్తమ్మ బట్టలు మార్చుకుంది. మహబూబ్ పెట్టె ఎత్తి బండిలో పెట్టాడు. విమానాశ్రయం చేరేదాకా ఆమె కొంగుతో జుట్టు తుడుచుకుంటూనే ఉంది.