గిడ్డమ్మ పిడుగురాయి

పత్తికొండ దగ్గరి ఆ ఊళ్లో పిడుగురాయి ఉన్నది గిడ్డమ్మ ఇంట్లోనే. అరచేతిలో ఇమిడే నున్నటి నల్లరాతి గొడ్డలి. పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడిందని, అది ఒంటిమీద ఉంటే పిడుగు దగ్గరికి రాదని ఊరి నమ్మకం. గిడ్డమ్మ ఎవరికీ జంకే మనిషి కాదు గానీ ఉరిమితే వణికిపోతుంది. మూడేళ్ల కిందట ఆమె కొడుకు పరమేష్ చేనులో పిడుగు పడి చనిపోయాడు. ఆ రోజు రాయి ఇంట్లోనే ఉండిపోయింది. కోడలు మహాదేవి ఇవ్వడం మరిచిపోయిందని గిడ్డమ్మ కనిపించిన వాళ్లందరికీ చెప్పింది. అప్పటినుంచి మహాదేవి ఆ రాయి ఒడిలో కట్టుకోనిదే గడప దాటదు. అది ఉందన్న ధీమాతో మబ్బు పట్టినా పని ఆపదు.

పాతకాలపు రాతి పనిముట్లు ఏ కొండ రాయితో చేశారో కనిపెట్టడం నా ఉద్యోగం. కిందటేడు గిడ్డమ్మను బతిమాలి ఆ రాయి నుంచి గోరంత పెచ్చు తీసుకెళ్లాను. చుట్టుపక్కల కొండల రాళ్లతో పోల్చి చూశాం. ఈ జూన్‌లో ఫలితం పట్టుకుని, ఏదో ఘనకార్యం చేసినదానిలా ఆమె అరుగు మీద కూర్చుని చెప్పేశాను. అది ఆకాశం నుంచి పడలేదు, మీ ఊరి వెనక కొండదే, వేల ఏళ్ల కిందట మనుషులు చెక్కి నూరుకున్నారు, సగం చెక్కి వదిలేసినవి ఆ వాలులోనే దొరికాయి అని. నాకు నోటి తొందర ఎక్కువ.

గిడ్డమ్మ అరుగు మీంచి లేచింది. పడమట ఉరిమింది.

"అయితే అది ఉత్త రాయేనామ్మా?"

అవునన్నాను.

"మహాదేవి చేన్లో ఉండాది."

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వెనకే నేను. మెరిసినప్పుడల్లా నేను చతికిలబడ్డాను, ఆమె ఆగలేదు. చెట్టన్నది లేని చేనులో మహాదేవి ఒక్కతే టమోటా నారు నాటుతోంది. ఒడి తడిమి చూపించి, సాలు అయిపోయాక వస్తానంది. గిడ్డమ్మ ఆ ముడి విప్పి రాయి విసిరేసి, కోడలి చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

రోడ్డు పక్క బస్సు షెల్టర్లో దూరామో లేదో, దగ్గర్లోనే పిడుగు పడింది. నేల అదిరింది. చెవులు మూసుకుని ముగ్గురం గోడకు కరుచుకుపోయాం.

గిడ్డమ్మే ముందు నోరు విప్పింది.

"ఆ పొద్దు నువ్వు ఇచ్చింటే కూడా వాడు దక్కేవోడు కాదు, మహాదేవీ."

మహాదేవి ఖాళీ అయిన ఒడి సర్దుకుంది.

"మూడేండ్లు, అత్తా," అంది.