కారణం గడిలో నేను రాసిన మాట

సోమవారం, ఉదయం పదిన్నర, కాలేజీ సెమినార్ హాలు. హాజరు: ప్రిన్సిపాల్ గారు, ఫిర్యాదుల కమిటీ బాధ్యత చూసే ఇంగ్లీషు లెక్చరరమ్మ, గుంటూరు నుంచి వచ్చిన లాయరమ్మ, రెండో సంవత్సరం ఆడపిల్లలు, కమిటీలో బయటి సభ్యురాలిగా నేను.

ఏ రోజు గురించి రాసినా ముందు ఎవరెవరున్నారో రాసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి అలవాటు. పాతికేళ్ళు ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా ఉన్నదాన్ని, మనుషుల్ని లెక్క చూసుకోనిదే నాకు తోచదు. ఇప్పుడు ఇంట్లో లెక్కకు నేనొక్కదాన్నే అయినా, అలవాటు మాత్రం పోలేదు.

లాయరమ్మ చాలా బాగా మాట్లాడింది. ఎవరైనా బలవంతం చేస్తే తప్పు మీది కాదని, ఒంటి మీది బట్టలు ఉతక్కుండా ముందు ఆసుపత్రికి వెళ్ళాలని, నమ్మకమున్న ఒక్కరికైనా చెప్పాలని, మన వయసు వాళ్ళం నోట పలకడానికి కూడా జంకే మాటల్ని కూరగాయల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పింది. చివర్లో సందేహాలున్నాయా అని అడిగితే వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, మేం చెప్పింది చెప్పినట్టే రాస్తారా, మీకు తోచినట్టు రాసుకుంటారా?"

"కూర్చోవే, నీకేమయిందని ఇప్పుడు!" అని పక్కపిల్ల చున్నీ పట్టి లాగింది. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. లాయరమ్మ నిబంధనలు చదువుతోంది కానీ, ఆ పిల్ల చూపు నోట్సు రాసుకుంటున్న నా చేతి మీదే ఉంది. రేపు పదింటికి లైబ్రరీ పక్క గదిలో కూర్చుంటాననీ, ఎవరైనా రావచ్చనీ అన్నాను. 

ఇంటికి వచ్చి పెట్టె తెరిచి, వార్డెనుగా చేరిన మూడో ఏటి డైరీ తీశాను. నాకు కావలసిన పేజీ శ్రావణమాసంలో ఒక ఆదివారం. "మబ్బుగా ఉంది. ఒక అమ్మాయికి ఒంట్లో బాగాలేదు. కాఫీ ఇచ్చాను." అంతే ఉంది.

ఆ ఆదివారం పిల్లలంతా భోజనాలు చేసి వరండాలో జడలు వేసుకుంటున్న వేళ ఆ అమ్మాయి బోటనీ రికార్డును గుండెలకు అదుముకుని నా గదికి వచ్చింది. తండ్రి పర్చూరు దగ్గరి పల్లెలో చర్చి పనులు చూసుకునేవాడు, తల్లి పొగాకు కూలికి వెళ్ళేది, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. రికార్డు మీద సంతకం పెడతానని ముందురోజు లెక్చరరు ల్యాబుకు పిలిచి, అందరూ వెళ్ళాక తలుపు వేశాడట. ఆ తర్వాత జరిగిందీ చెప్పింది, ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు. ఎవరికన్నా చెప్పండి మేడమ్ అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. బయటికి వస్తే పిల్ల పేరు పాడవుతుందని, తండ్రి చదువు మాన్పిస్తాడని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. వార్డెను ఏం చేస్తోందని నన్ను అడుగుతారన్న భయం వాటన్నిటికంటే పెద్దదని ఈ వయసులో ఒప్పుకోగలుగుతున్నాను. కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండి రమ్మని హాస్టలు రిజిస్టరు ముందుకు జరిపాను. అందులో కారణం అని ఒక గడి ఉండేది. మాఘ, ఫాల్గుణాల్లో సగం హాస్టలు సొంత చేలకో కూలికో కాయ కోయడానికి వెళ్ళేది కాబట్టి ఆ గడిలో పేజీలకు పేజీలు ఒకటే మాట. చెయ్యి అలవాటున అదే రాసింది: మిరప కోతలకు.

ఆ పిల్ల చదివి నా వంక చూసింది. "ఇప్పుడు కోతలెక్కడియండీ? ఇంకా నారే నాటలేదుగా."

"సంతకం పెట్టమ్మా, నీ మంచికే," అన్నాను. పెట్టింది.

మర్నాడు ఆ పేజీ కింద అప్పటి ప్రిన్సిపాల్ గారు సంతకం చేశారు. తాతల నాటి నుంచి మిరప పండించే ఇంటి మనిషి, శ్రావణంలో కోతలేమిటని అడగలేదు. గుమాస్తాదీ రైతు కుటుంబమే, అతనూ అడగలేదు. దసరా నాటికి ఆమె మంచం ఇంకో అమ్మాయికి ఇచ్చాం. ఆ లెక్చరరు పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాడు. వీడ్కోలు సభకు హాజరైనవారి పేర్లు నా డైరీలో పేజీన్నర ఉన్నాయి.

చాలా ఏళ్ళ తర్వాత పర్చూరు బస్టాండులో ఒకామె నన్నే చూస్తూ నిలబడింది. ఆమేనో కాదో. నేనే ముందు తల తిప్పుకున్నాను. ఆ సంగతి డైరీలో లేదు.

మంగళవారం పదింటికి లైబ్రరీ పక్క గదిలో కూర్చున్నాను. పదకొండైంది. ఇంగ్లీషు లెక్చరరమ్మ తొంగిచూసి, "టీ తాగండి మేడమ్. హాల్లో అడిగినంత ధైర్యం గదిలోకి రావడానికి ఉండదండీ వీళ్ళకి," అని వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయాక గుమ్మంలో ఆ వెనక వరస అమ్మాయి కనిపించింది.

"నాలుగు ముక్కలే మేడమ్," అంటూ కుర్చీ అంచున కూర్చుంది.

హాజరు: ఆ అమ్మాయి, నేను. ఆమె చెబుతుంటే రాసి, చదివి వినిపించాను. మూడో వాక్యం దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది. ప్రాజెక్టు గైడు అసభ్యంగా ప్రవర్తించాడు, అని నేను రాసిన చోట.

"నేనలా అన్లేదండీ. తలుపేసి నా చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడన్నాను. నేను వద్దన్నాను. అదీ రాయండి."

ఇన్నేళ్ళ డైరీల్లో నేను కొట్టివేతలు ఎరగను. ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, ఆమె అన్నది అన్నట్టు రాసి, కాగితం ఆమె వైపు తిప్పాను. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. కమిటీకి ఇప్పుడే ఇద్దామా, ఆలోచించుకుంటావా అని అడిగితే, ఇప్పుడే అంది. లెక్చరరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసే నడిచాం.

ఇప్పటి పిల్లలకు ధైర్యం వచ్చిందని మనవాళ్ళు అంటుంటారు. బస్సులో తిరిగి వస్తూ అదే ఆలోచించాను. రాసింది చదివి, ఇలా కాదండీ అని ఆ రోజు ఆ పర్చూరు పిల్ల కూడా అంది. అప్పుడూ నా చేతిలో కలం ఉంది.