పదిహేడో గొట్టం

ఒక్త్యాబ్రినా అక్క ఉద్యోగం పోవడానికి కారణం నేను. నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. పెన్సిల్‌తో రాశాను.

సైబీరియాలోని మా యాకూత్స్క్‌లో నేల లోపలంతా గడ్డకట్టిన మట్టి. అందులో గొయ్యి తొలిచి, కాంక్రీటు స్తంభం దింపి, చుట్టూ ఇసుక బురద పోస్తాం. ఆ బురద గడ్డకట్టి స్తంభాన్ని పట్టుకునేదాకా గోడ ఎత్తకూడదు. పట్టుకుందో లేదో తేల్చడం అక్క పని. స్తంభాల పక్కనున్న సన్నని గొట్టాల్లోకి థర్మామీటరు దింపి, గంటన్నర ఆగి, పైకి లాగిన క్షణంలో చదవాలి.

"ఈవిడ సరే అనేలోపు వేసవి వచ్చేస్తుంది" అని మేస్త్రీలు వెక్కిరించేవారు.

"ఇల్లు ఒరిగాక ఎలాగూ తిడతారు. ఇప్పుడే కానివ్వండి" అనేది అక్క.

ఆ జనవరిలో ఆమె మోకాలు వాచి నడవలేక, సహాయకుడిగా ఉన్న నన్ను పంపింది. మైనస్ యాభై చలి. పదహారు గొట్టాలు ఓపిగ్గా చూశాను. పదిహేడోది వేడినీళ్ళ పైపు దగ్గర, అన్నిటికన్నా దూరంగా ఉంది. నేను పనివాళ్ళ గుడిసెలో పొయ్యి పక్కకు చేరి, సగంలో ఆపిన పుస్తకం తెరిచాను. పదహారో గొట్టం అంకెనే పదిహేడుకూ వేశాను. అక్క కాగితం చూసి సంతకం పెట్టింది.

ఆ భవనంలో జనం కాపురాలు పెట్టిన రెండేళ్ళకు, పదిహేడో గొట్టం వైపున్న రెండో వాకిలి గోడ నెర్రె విచ్చింది. విచారణలో అధికారి అడిగాడు: "చూసింది ఎవరు?"

"సంతకం నాదే" అంది అక్క. నేను నా బూట్లకేసి చూస్తూ కూర్చున్నాను.

మొన్న అక్కను వెతుక్కుంటూ ఊరి చివరకు వెళ్ళాను. చలి దూరకుండా కొత్త కొయ్య ఇంటి దుంగల సందుల్లో ఎండు నాచు కుక్కుతోంది. కానుకగా తెచ్చిన గడ్డకట్టిన చేప చేతికిచ్చాను.

"ఏరా ఎర్చిమ్, లంచమా?"

"పదిహేడోది నేను చూడలేదక్కా."

ఆమె చేప పక్కన పెట్టి, మళ్ళీ నాచు కుక్కసాగింది.

"తెలుసు. చేతితొడుగులతో రాసినవి పదహారూ వంకర్లు పోయాయి. పదిహేడోది మాత్రం బడిపిల్లాడి దస్తూరీలా కుదురుగా ఉంది. అయినా సంతకం పెట్టాను. మళ్ళీ వెళ్ళి చూడాలంటే నాకూ చలేసిందిరా. నా వంతు నేను మోశాను. నీ వంతు ఇక్కడికి మోసుకొచ్చావేం? రెండో వాకిలి వాళ్ళు ఇప్పటికీ నన్నే తిడుతున్నారు, పోయి వాళ్ళకి చెప్పు."