పెద్దమ్మ విసిరిన తువ్వాలు

పోయిన వారం బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరో ఒక రంగుల కాగితం అంటించారు. వరద బాధితుల సహాయం కోసం ఆడపిల్లల మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలట, మా వీధి చివర స్కూలు హాల్లోనేనట. నాతోపాటు లిఫ్టులో ఉన్న కుర్ర దంపతులు దాన్ని చదివి, ఆడవాళ్ళు ఇలా కొట్టుకోవడం కూడా మొదలైందన్నమాట అని నవ్వుకున్నారు. నెరిసిన జుట్టుతో, చేతిలో కూరగాయల సంచితో వాళ్ళ పక్కనే నిలబడి ఉన్న నాకు చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. ఆ ముక్కు కాస్త ఎడమ పక్కకు వంగి ఉంటుంది, చూసినవాళ్ళు పుట్టుకతో వచ్చిందే అనుకుంటారు. అది ఇలాంటి ఒక పోటీలోనే వంగిందని చెబితే ఆ పిల్లలు నమ్మేవారు కాదు, చెప్పి నమ్మించేంత ఓపికా నాకు లేదు.

నేను తెనాలి నుంచి ఈ ఊరికి వచ్చింది తొంభైల మధ్యలో. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పటికి ఎలక్ట్రానిక్ సిటీ అంటే ఇప్పటి అద్దాల మేడలు కావు, హోసూరు రోడ్డు పక్కన ఖాళీ స్థలాల మధ్య విడివిడిగా కొన్ని ఫ్యాక్టరీలు, సాయంత్రం షిఫ్టు వదిలాక బస్సు కోసం దుమ్ములో నిలబడే జనం. అందులో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు సాల్డరింగ్ చేసే పని నాది. భూతద్దం కింద తల వంచితే మధ్యాహ్నం భోజనం గంటకే తల ఎత్తడం, మళ్ళీ వంచడం. పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి పేరు తెలుసుకోవడానికే నాకు నెల పట్టిందంటే, తప్పు ఆమెది కాదు, నాదీ కాదు, ఆ పనే అలాంటిది. తెనాలిలో అన్నయ్య ఒక్కడే నా వాళ్ళంటే, వాడికి సంసారం పెరిగేకొద్దీ ఫోన్లు తగ్గుతూ వచ్చాయి. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా కొన్నాళ్ళకు లేకుండా పోయారు, అడిగినన్నాళ్ళు విసుక్కున్నాను గాని మానేశాక మాత్రం వెలితిగానే ఉండేది.

బాడుగ తక్కువని, ఫ్యాక్టరీకి అవతల ఉన్న ఆనేకల్‌లో ఒక నేతవాళ్ళ ఇంటి వెనక గది తీసుకున్నాను. తరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంటావిడను వీధిలో అందరూ పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని గాని మాకు చుట్టరికమేమీ లేదు. భర్త పోయాక కూడా ముందు గదిలో గుంత మగ్గం ఆగలేదు, మరిది నేస్తుంటే ఆమె పక్కన కూర్చుని రాట్నం మీద దారం కండెలు చుట్టేది. ఆమె మాట్లాడటమే తక్కువ. పొద్దున కుళాయి దగ్గర, "నీళ్ళు వచ్చిండాయి, పట్టుకో" అనేది. సాయంత్రం నేను రాగానే రాట్నం మీదినుంచి తల ఎత్తకుండా, "గేటు ఏసినావా పాపా" అని అడిగేది. అంతే. ఏళ్ళ తరబడి మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ ఆ రెండు మాటలే. నాకు అదేమీ లోటుగా తోచేది కాదని చెబితే అబద్ధమవుతుంది. గోడ అవతల మగ్గం చప్పుడు వింటూ, ఇటువైపు నేను ఒక్కదాన్నే అన్నం తింటున్నప్పుడు, ఆ చప్పుడు ఆగిపోతే బాగుండుననీ, ఆగిపోతే ఎలాగనీ రెండూ అనిపించేవి.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ దగ్గరలో ఒక బడి హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకు జూడో నేర్పుతున్నారని తెలిసి చేరాను. ఆత్మరక్షణ కోసమని అందరికీ చెప్పాను గాని అసలు కారణం వేరు, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఈ మహానగరంలో నా చెయ్యి తగిలే మనిషి బస్సు కండక్టరు ఒక్కడే, అదీ చిల్లర ఇచ్చేటప్పుడు. జూడోలో అలా కాదు. ఎదుటి మనిషి మన కాలరు పట్టుకుంటుంది, భుజం పట్టుకుంటుంది, మన ఊపిరి ఎటు పోతున్నదో గమనిస్తుంది, కింద పడేసి మళ్ళీ తనే చెయ్యిచ్చి లేపుతుంది. వంటి మీద నొప్పులతో ఇంటికి వెళ్ళిన రాత్రుళ్ళు నాకు హాయిగా నిద్ర పట్టేది. ఏడెనిమిదేళ్ళు అలా నేర్చుకున్నానంటే, నేర్చుకోవాలన్న పట్టుదల కంటే అక్కడికి వెళ్ళకపోతే ఇంకెక్కడికీ వెళ్ళడానికి లేకపోవడమే ఎక్కువ కారణం.

సునామీ వచ్చి తమిళనాడు తీరంలో పల్లెలకు పల్లెలే కొట్టుకుపోయిన తరువాత, ఈ ఊళ్ళో కరాటే, జూడో, కుస్తీ, కిక్ బాక్సింగ్ నేర్పే మాస్టార్లంతా ఒకచోట కూడి ఆడవాళ్ళతో అన్ని విద్యలూ కలిపి పోటీలు పెట్టాలనుకున్నారు. జయనగరం వైపు ఒక కల్యాణ మంటపం వాళ్ళు హాలు ఉచితంగా ఇచ్చారు. టిక్కెట్టు లేదు, లోపలికి వచ్చేవాళ్ళు బాధితుల కోసం కొత్త చీరో దుప్పటో తేవాలి. మా మాస్టారు నా పేరు ఇచ్చేశారు. ముప్పై దాటినదాన్ని, కాలేజీ పిల్లలతో నాకేం పోటీ అని గునిశాను గాని లోపల సంతోషంగానే ఉంది. ఒక్క నిబంధన దగ్గరే గుండె జారింది. పోటీకి దిగే ప్రతి ఒక్కరికీ బరి మూలలో తమ తరఫు మనిషి ఒకరు నిలబడాలి. నీళ్ళు తాగించడానికి, చెమట తుడవడానికి, ఇక చాలనిపిస్తే తువ్వాలు లోపలికి విసిరి పోటీ ఆపించడానికి. అలాంటి మనిషి లేకపోతే బరిలోకి రానివ్వరు. మాస్టారికి ఆ రోజు నిర్వహణ పని, ఎవరి పక్షానా నిలబడటానికి లేదు.

నా తరఫు మనిషి. ఆ మాట పట్టుకుని నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఫ్యాక్టరీలో అడిగితే ఒకరికి ఇంట్లో చుట్టాలు, ఒకరికి పిల్లవాడి పరీక్ష, అన్నీ నిజమైన కారణాలే. జూడో నేర్చుకునే పిల్లలకు వాళ్ళ పోటీలే ఉన్నాయి. అన్నయ్యకు ఫోను చేసి, విషయం చెప్పకుండానే వాళ్ళ క్షేమసమాచారాలు అడిగి పెట్టేశాను. గెలవడం, ఓడటం సంగతి అటుంచి, ఇన్నేళ్ళ నుంచి ఉంటున్న ఊళ్ళో నాకోసం ఒక మూల నిలబడే మనిషి దొరకదా అన్నదే నన్ను తినేసింది. చివరికి ఒక పొద్దున కుళాయి దగ్గర, బిందె నిండేలోపల, పెద్దమ్మతో ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె బిందె పక్కకు జరిపి, "ఎన్ని గంటలకి పోవల్ల" అంది. ఊరికే నిలబడితే చాలని నేనంటే, "నిలబడేదానికేముండాది, వస్తాలే" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చందాపురలో బస్సు మారి ఇద్దరం వెళ్ళాం. మంటపం గుమ్మం దగ్గర పోగుపడ్డ చీరలను చూసి ఆమె నడక ఆపేసింది. ఒక్కొక్క చీర కొంగు వేళ్ళతో పట్టి చూసి, ఇది కలిపిన నూలు, ఇది రంగు నిలవదు అని తనలో తను గొణుక్కుని, తను తెచ్చిన నేత చీరను మాత్రం మడత చెడకుండా అన్నిటి పైన పెట్టింది. లోపల పెళ్ళిపీటలు వేసే చోట మందపాటి పరుపుల మీద తెల్ల కాన్వాసు గుడ్డ లాగి కట్టారు. మాస్టారు మూలల్లో నిలబడేవాళ్ళందరినీ పిలిచి తువ్వాలు సంగతి కన్నడంలో వివరిస్తుంటే, పెద్దమ్మ ఆ కాన్వాసు అంచు కుట్టును తడిమి చూస్తోంది. విన్నదో లేదో నాకు తెలియదు. మాది చివరి పోటీ. మాకు ముందు ఒకమ్మాయి పెదవి చిట్లి కాన్వాసు మీద నెత్తురు పడితే నిర్వాహకులు తడిగుడ్డతో తుడవబోయి ఆ మరకను ఇంకాస్త పెద్దది చేశారు.

నా ఎదుటి పిల్ల కిక్ బాక్సింగ్ నేర్చిన కాలేజీ అమ్మాయి. ఆమె మూలలో అమ్మా నాన్నా, అన్నదమ్ములూ, మేనమామ కాబోలు ఒక మీసాలాయనా, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. నా మూలలో ముదురాకుపచ్చ చీర కట్టుకున్న పెద్దమ్మ, భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు చెంబు. ఆ ఒక్క మనిషిని చూసుకుని నాకు కలిగిన ధీమా ఇప్పటికీ మరువలేను. మొదటి రౌండంతా ఆ పిల్ల నా తొడల మీద తన్నుతూనే ఉంది. రెండో రౌండులో ఆమె పిడికిలి నా ముక్కు మీద పడింది. కళ్ళకు చీకట్లు కమ్మినా ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని, నడుము మీదికి తీసుకుని కింద పడేశాను, పడేసి ఆ చేతిని మోకాళ్ళ మధ్య ఇరికించాను. ఇంకాస్త లాగితే ఆమె నేల మీద తట్టి ఓటమి ఒప్పుకునేది, హాలంతా లేచి నిలబడింది, నా జీవితంలో నేను గెలవబోతున్న మొట్టమొదటి పోటీ అది. అప్పుడు నా ముక్కులోంచి కారుతున్న నెత్తురు మీదికి తడి తువ్వాలు ఒకటి వచ్చి పడింది. రెఫరీ ఈల వేశాడు. నేను ఓడిపోయాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ముక్కుకు ఆ తువ్వాలే అదుముకుంటూ, ఎందుకు పెద్దమ్మా అని అడిగాను. ఆమె ముందు సీటు కేసే చూస్తూ, "తెల్ల గుడ్డ కదప్పా, రగతం పడితే పోతాదా. మగ్గం ఇంట్లో పెరిగిన చెయ్యి, చూస్తా ఊరుకోలేదు" అంది. నిజమే, ఆ ఇంటి పద్ధతి నేను ఎన్నోసార్లు చూశాను. నేసేవాడి వేలు తెగితే కాళ్ళు దించి కూర్చున్న గుంతలోంచి గబుక్కున లేవలేడు, పట్టు మీద ఒక్క చుక్క పడితే చీర పాడవుతుంది, అందుకని కండెలు చుట్టేవాళ్ళు ఎప్పుడూ ఒక పాతగుడ్డ పక్కన పెట్టుకుని, నెత్తురు కంటపడగానే ముందు గుడ్డ విసిరి తరువాతే ఏమైందని అడుగుతారు. అయితే ఆమె విసిరింది ఆ తెల్ల గుడ్డ కోసమన్నమాట, నాకోసం కాదు. ఓడిపోయినందుకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది, తువ్వాలు అడ్డం ఉంది కాబట్టి ఆమె చూడలేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ నీళ్ళు వచ్చిండాయి, సాయంత్రం మళ్ళీ గేటు ఏసినావా. ఏదో మారుతుందని రెండు మూడు రోజులు ఎదురుచూసి మానుకున్నాను. తరువాత ఫ్యాక్టరీ మూతపడి, వైట్‌ఫీల్డు వైపు వేరే పని దొరికి, గది ఖాళీ చేశాను. పెద్దమ్మ పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగా, బజారులో కనిపించిన వాళ్ళ మరిది నోట తెలిసింది. మగ్గం తీసేసి గుంత పూడ్చి, ఆ ముందు గదిలో మొబైల్ దుకాణం పెట్టించారట.

నిన్న ఆ స్కూలు హాలుకు ఒక కొత్త దుప్పటి పట్టుకుని వెళ్ళాను. ఇప్పుడు దుప్పట్లు తీసుకోరట, గోడ మీది గళ్ళ బొమ్మకు ఫోను చూపించి డబ్బు పంపితే చాలునట, ఎవరో పిల్ల నాకోసం ఆ పని చేసిపెట్టి దుప్పటి తిరిగి నా చేతిలో పెట్టింది. ఒక్కో అమ్మాయి మూలలో నలుగురేసి మనుషులు, ఒకరు నీళ్ళకు, ఒకరు మంచుగడ్డకు, ఒకరు సలహాకు, ఒకరు వీడియోకు. చూడముచ్చటగా ఉంది, నిజంగానే సంతోషించాను. మొదటి పోటీలోనే ఎవరికో ముక్కు పగిలి తెల్ల పరుపు మీద ఎర్రటి మరక పడింది. పిల్లలు తుడిచారు, పోలేదు. దాని మీదనే మిగతా పోటీలన్నీ జరిగాయి, ప్రతిసారీ కొత్త మరకలు చేరుతూనే ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా నాకు ఆనాటి కల్యాణ మంటపం గుర్తుకొచ్చింది. ఆ రోజు మాది చివరి పోటీ. మా వంతు వచ్చేసరికి ఆ కాన్వాసు నిండా మరకలే. దూరం నుంచి చీర చూసి ఏ పోగు తెగిందో చెప్పగల మనిషి, గుమ్మంలోని చీరలను ఒక్కటీ వదలకుండా తడిమి చూసిన మనిషి, ఆ మరకలను చూడకుండా ఉంటుందా. అప్పటికే పాడైపోయిన గుడ్డను కాపాడటానికి ఎవరైనా తువ్వాలు విసురుతారా.

ఇరవై ఏళ్ళ పాటు నా తరఫున ఎవరూ నిలబడలేదనే అనుకుంటూ బతికాను. ఇప్పుడు తెలిసింది, తెలిసి ఎవరికి చెప్పను. దుప్పటి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చి తలుపు తాళం తీశాను. ఇక్కడ గేటు సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడు, వేశావా అని నన్ను అడిగేవాళ్ళు లేరు. అయినా మళ్ళీ లిఫ్టులో కిందికి దిగి, గేటు వేసి ఉందో లేదో చూసి వచ్చాను.