రెండో బాన షర్బత్

గుత్తి కోట కింద పుట్టి, యాభై ఏళ్లు దాటినా, బుడేన్ సాబ్ ఆ కొండ పైకంటా ఎక్కిన పాపాన పోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా! అలాంటి మనిషి బోరుబండి పనికని ఘానా దేశం పోయి, సముద్రం ఒడ్డున తెల్లదొరలు ఎప్పుడో కట్టి వదిలేసిన పాడుబడ్డ కోటను ఒక ఆదివారం టికెట్టు కొని మరీ చూశాడు. అక్కడి నుంచే చేసిన వీడియో కాల్‌లో ఈ సంగతి వినగానే అతని భార్య షరీఫాబీ పడీపడీ నవ్వింది.

"ఇంటెనక అంత కోట ఉండంగా ఆడికి పోయి దుడ్లిచ్చి చూస్తాండావా? నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!"

బుడేన్ మంచివాడే. నోరే అతనికి శత్రువు. మనసులో పుట్టిన మాట నాలుక దాకా రావడానికి క్షణం పట్టదు. ఆ కోటలో వంగి దూరాల్సిన చీకటి గది ఒకటి ఉంది. కిటికీ లేదు, పైకప్పులో ఒక్క బొక్క తప్ప. పూర్వం అతని తాత జొన్నలు దాచుకోవడానికి నేలలో తవ్వించిన పాతర అతనికి గుర్తొచ్చింది. ఫోను పైకెత్తి గోడలు అదిరేలా అరిచాడు.

"చూడమ్మే! మా తాత పాతర మాదిరే ఉండాది. పైనుంచి గింజలు పోసేది, కింద దాచేది. ఎంత పంట పండించినారో మారాజులు!"

అని పగలబడి నవ్వాడు.

కోటను ఊడ్చే ఎఫువా అనే పెద్దావిడ చీపురు ఆపి, ఏమంటున్నాడని బుడేన్‌తో వచ్చిన బోరుబండి డ్రైవరు రామాంజులును అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో అతను చెప్పాడు. ఆమె కోప్పడలేదు. నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పింది. రామాంజులు ముఖం వాడిపోయింది.

"అన్నా, ఈడ దాచింది గింజల్ని కాదంట. మనుషుల్ని. బానిసలుగా అమ్మేదానికి, ఓడ వచ్చేదాకా నెలలకొద్దీ ఈడనే కుక్కి పెడతాండిరంట. ఆ బొక్కలోంచే తిండి ఇసిరేస్తాండిరంట."

బుడేన్ పైకెత్తిన ఫోను దించాడు. ఫోన్లో షరీఫాబీ కూడా వింది. ఒక్క మాట అడిగింది.

"మరి నీళ్లు?"

బిందెలతో క్యూలో నిలబడి బతికిన ఆడది ఇంకేమడుగుతుంది! రామాంజులు ఆ మాటే అడిగితే ఎఫువా బయట ముంగిట్లోని రాతి నీళ్ల తొట్టి చూపించింది. అది దొరలకట. లోపలివాళ్లకు ఇచ్చినప్పుడే నీళ్లు. ఎంతమంది దప్పికతో పోయారో, వాళ్ల పేర్లేమిటో చెప్పగలిగేవాళ్లు లేరంది.

అలాంటి గదిలో నిలబడి నవ్వానే అన్న బాధ బుడేన్‌ను వదల్లేదు. పని ముగిసి దేశం వదిలేముందు ఒంటరిగా మళ్లీ పోయి ఎఫువా ముందు చేతులు జోడించాడు. ఆమెకు తెలుగు రాదు, అతనికి ఆమె భాష రాదు. ఆమె అతని భుజం తట్టి పంపింది. చెప్పాల్సిన మాట చెప్పలేకుండానే గుత్తికి తిరిగొచ్చాడు.

పీర్ల పండగ వచ్చింది. కర్బలాలో దప్పికతో కన్నుమూసినవాళ్ల పేరున షరీఫాబీ ఏటా ఇంటి ముందు ఒక బాన నిండా బెల్లపు షర్బత్ కలిపి, ఫాతెహా ప్రార్థన చదివించి వీధి వీధంతటికీ పోయిస్తుంది. ఈసారి రెండో బాన కూడా కలిపింది. ముంత మొగుడి చేతిలో పెట్టింది.

"ఇది నువ్వే పొయ్యి. ఎవరడిగినా నువ్వే చెప్పుకో."

ఎవరి పేరున అని అడగనిదే ఆ వీధిలో షర్బత్ తాగరు. మొదట వచ్చింది ఎదురింటి బయమ్మ, చెంబు పట్టుకుని.

"ఇదేమప్పా బుడేనూ, రెండో బాన పెట్టినావు? ఇది ఎవరి పేరుతో?"

వీధంతా చూస్తోంది. ఎన్నడూ తడుముకోని ఆ నోరు ఆవేళ తడుముకుంది.

"పేర్లు తెలీవు పెద్దమ్మా. ఆ దేశంలో మనుషుల్ని కుక్కిన గదిని నేను పాతర అనుకొని నవ్వినా. తప్పు చేసినా. ఆళ్లు నీళ్లు లేక సచ్చిపోయినారు. ఆళ్ల పేరుతో."

ఎవరూ వేళాకోళం చేయలేదు. బయమ్మ చెంబు చాపింది. అతను ముంత తొందరగా వంచేసరికి షర్బత్ కొంత నేలపాలైంది.

"చూసి పొయ్యప్పా, ఒలకబోస్తాండావు," అని కసిరింది బయమ్మ. "ఆళ్లవి గదా ఆ నీళ్లు!"