పొన్నుతాయి ఎంచిన టైర్లు

పొన్నుతాయికి జీపు మీద కోపం లేదు. దాంట్లో ఎక్కే ఆడవాళ్ళ మీద కూడా, ఒకరిద్దరిని మినహాయిస్తే, పెద్దగా కోపం లేదు. ఆమె కడుపుమంటంతా తన మొగుడి కుడిచేతి మీద.

ఆమెది వత్రాప్ పక్క ఊరు. కొండ కింది తోటల్లో, కాలవ నీళ్ళలో కాళ్ళు తడుపుకుంటూ పెరిగిన పిల్ల. మేనమామ కొడుకు కుమారవేల్‌ని చేసుకుని కోవిల్‌పట్టి దగ్గరి నల్లరేగడి పల్లెకు వచ్చింది. అక్కడ ఎండాకాలంలో నేల చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే చెప్పును ఊడబెరుక్కుని తన దగ్గరే ఉంచుకుంటుంది. కుమారవేల్‌కి ఆ నేలే కొంత ఉండేది. పత్తి, మిరప వేసి వేసి విసుగెత్తి, తొంభై అయిదులో మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత జీపు ఒకటి తెచ్చాడు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను పొద్దున్నే ఎక్కించుకుని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ దగ్గర దించడం, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చడం అతని పని.

ఊళ్ళ మధ్య దారులంటే బండి చక్రాలు తొక్కిన రెండు గాళ్ళు, నడుమ ఒక గట్టు. ఆ గట్టు జీపు కడుపును గీకేది. అందుకని అతను కోవిల్‌పట్టిలో బండిని మోసే కమాన్ స్ప్రింగు కట్టలకు అదనంగా పట్టాలు వేయించి బండిని ఎత్తించాడు. బండి లేచింది గానీ దాంతోపాటు రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి, ఆ ఎత్తు కింద పాత టైర్లు మరీ బక్కగా, పంచె పైకెగ్గట్టిన ముసలాయన పిక్కల్లా కనిపించసాగాయి. రెండోది, ఆడవాళ్ళకు కాలు అందలేదు. కుమారవేల్ ప్రతి ఊళ్ళోనూ దిగి, వెనక్కి వెళ్ళి, తాను ముందు ఎక్కి నిలబడి, ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి పైకి లాగడం మొదలుపెట్టాడు.

పొన్నుతాయి వాళ్ళ ఇళ్ళలో మొగుడు పెళ్ళాం నలుగురి ముందు ఒకర్నొకరు తాకరు. పెళ్ళిలో పట్టించిన చేతిని పందిట్లోనే వదిలేస్తారు. సంతకు వెళ్ళినా మొగుడు ముందు, పెళ్ళాం నాలుగడుగులు వెనక. పొన్నుతాయి జీపెక్కినప్పుడు కూడా కమ్మీ పట్టుకుని, మోకాలు గీరుకుని, తనంతట తానే ఎక్కేది. కుమారవేల్ అటు తిరిగి హారన్ తుడుచుకునేవాడు. ఆమెకు అది తప్పుగా తోచలేదు, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే చెయ్యి దొరకడం చూసేదాకా.

మొదటి ట్రిప్పు ఆమె ఇంటి ముందే మొదలయ్యేది. వాకిట్లో ముగ్గు వేస్తూ ఓరకంట చూసేది. అళగమ్మాళ్ ముసలిది, ఆమెకు చెయ్యిస్తే పుణ్యమే. తరవాత వచ్చే వాళ్ళను కూడా ఓర్చుకునేది. చివర్లో మారిసెల్వి వచ్చేది. పెళ్ళి కాని పిల్ల, తలనిండా కనకాంబరాలు. ఒక చెయ్యిస్తే రెండు చేతులతో పట్టుకునేది. "అన్నా, విడిస్తే పడిపోతా" అని నవ్వేది. ఆ నవ్వుకు పొన్నుతాయి ముగ్గులో ఒక చుక్క ఎక్కువ పడేది. అన్నా అని పిలుస్తుంది గదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయేది. అన్నను పట్టుకోవడానికి రెండు చేతులెందుకని మనసే ఎదురడిగేది.

తొంభై ఏడులో వానలకు ముందు పాత టైర్లు నున్నగా అరిగిపోయాయి. ఈసారి పెద్దవి వేస్తానని కుమారవేల్ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అనసాగాడు. పెద్ద టైరు వేస్తే బండి ఇంకా పైకి లేస్తుందని పొన్నుతాయికి వెంటనే తెలిసింది. బండి లేస్తే ఆ చెయ్యి ఇంకా కిందికి దిగాలి, పట్టు ఇంకా బిగియాలి, ఇంకాసేపు నిలవాలి. చిన్నవే చాలంది. బండి పల్టీ కొడుతుందంది. ఆఖరికి విరుదునగర్ టైర్ల షాపుకు తానూ వస్తానంది. షాపులో ఏం చేస్తావని కుమారవేల్ నవ్వాడు గానీ కాదనలేదు. టైర్ల గురించి ఇంట్లో ఒకరు ఇంత పట్టించుకోవడం అతనికి ముచ్చటగానే ఉంది.

షాపు అంతోణిది. మొదట తమిళంలోనే బేరం నడిచింది. మొగుడు పెళ్ళాం తమ ఇంటి భాష తెలుగులో గొణుక్కోవడం విని అతను తానూ తెలుగులోకి దిగాడు. అతని తాతలది సాత్తూరు పక్కన ఒక తెలుగు పల్లె. మూడు రకాల టైర్లు గోడకు ఆనించి చూపించాడు. బండితో వచ్చినవి ఆరు-పదహారు, అంటే ఆరంగుళాల వెడల్పు, పదహారంగుళాల చక్రం. దానిపైన ఏడు-పదహారు. మూడోది ఏడున్నర-పదహారు, చిన్న లారీలకు వేసేది, పొన్నుతాయి నడుము దాకా వచ్చేలా ఉంది. కుమారవేల్ కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి.

అంతోణి దాన్ని కాలితో తట్టి, అందం చూసి కొనొద్దన్నాడు. స్టీరింగు రాయిలాగా బరువెక్కుతుంది. నిండుగా తిప్పితే టైరు పోయి కమాన్ కట్టకు రాసుకుంటుంది. రాసుకోకుండా స్టీరింగు తిప్పు తగ్గించి బిగిస్తే బండి ఒక్క తిప్పుకు మళ్ళదు, వెనక్కీ ముందుకీ ఆడించాలి. బ్రేకు తొక్కిన చోట నిలవదు, నాలుగడుగులు పోయి నిలుస్తుంది. ఇంజను ఊరికే రొప్పుతుంది. రేగడి బురద మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య పిండిముద్దలా పట్టుకుంటుంది.

"బండి దినమూ తోలేది గదా, తేరు మాదిరి ఏడాదికి ఒకసారి లాగేది కాదు," అన్నాడు. "సగం తారురోడ్డు, సగం మట్టి. నీకి ఏడు సరిపోతాది."

కుమారవేల్ మొహం చిన్నబోయింది. ఒక్కటి వేసి చూపించమని బతిమాలాడు. అంతోణి విసుక్కుంటూనే ముందు ఎడమవైపు ఒక పెద్ద టైరు తొడిగి, జాకీ దించాడు. స్టీరింగు తిప్పితే అతను చెప్పినట్టే కింద బర్రుమంది. కుమారవేల్ ఆ చప్పుడు వినిపించనట్టు నిలబడి, నువ్వు కూర్చుని చూడు అని పెళ్ళాన్ని పిలిచాడు.

చిన్నవే మంచివని చెప్పడానికి ఇంతకన్న సమయం దొరకదనుకుని పొన్నుతాయి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. కాలు అందలేదు. కమ్మీ పట్టుకుని ఎగిరింది, మళ్ళీ నేల మీదికే వచ్చింది. ఎలా ఎక్కాలని తిరిగేసరికి కుమారవేల్ వీధి ఆ చివరా ఈ చివరా చూస్తున్నాడు. అంతా ముక్కూ మొహం తెలియని మనుషులు. అతను చెయ్యి చాపాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకు, పగటిపూట, వీధిలో. కాయలు కాసిన అరచెయ్యి ఆమె చేతిని మణికట్టు దాకా మింగేసి ఒక్క ఊపున సీట్లో కూర్చోబెట్టింది. కూర్చున్నాక కూడా ఒక క్షణం వదల్లేదు. పైనుంచి చూస్తే విరుదునగర్ బజారంతా, మిరపకాయల బస్తాల బళ్ళతో సహా, తన కాళ్ళ కింద ఉన్నట్టనిపించింది ఆమెకు.

"ఏమక్కా, ఎత్తు ఎక్కువ గదా? నువ్వే చెప్పు మీ ఆయనకు," అన్నాడు అంతోణి.

ఇంటి దగ్గర్నుంచి చిన్నవే అని నూరుకుంటూ వచ్చిన పొన్నుతాయి, "లేదు. ఇదే ఉండనీ. నాలుగూ పెద్దవే వెయ్యి" అంది.

అంతోణి ఇద్దరినీ మార్చి మార్చి చూసి స్పానర్ అందుకున్నాడు.

టైర్లు మార్చేలోగా ఇద్దరూ నూనె పరోటా తిన్నారు. వచ్చేటప్పుడు సాత్తూరులో టీకి ఆగారు. దిగడానికో చెయ్యి, ఎక్కడానికో చెయ్యి. పొన్నుతాయికి దోసకాయలు అక్కర్లేకపోయినా, ఇంకోసారి దిగడానికి దోసకాయలు కొంది. తమ ఊరి పొలిమేరలోకి రాగానే అతను ముందుకు చూసి తోలసాగాడు. ఇంటి ముందు ఆపి, తనవైపు దిగి, టైర్లు చూడ్డానికి మూగిన మగవాళ్ళలో కలిసిపోయాడు. పొన్నుతాయి కమ్మీ పట్టుకుని దూకింది. దోసకాయలు వీధిలో దొర్లాయి.

మర్నాడు పొద్దున ఆమె అనుకున్నంతా జరిగింది, అనుకోనిది కూడా. ఇదివరకు చెయ్యి చాలేది, ఇప్పుడు ఒక చేత్తో లాగి, ఇంకో చెయ్యి మోచేతి కింద ఆనించాల్సి వచ్చింది. అళగమ్మాళ్ ఎక్కుతూ వీధంతా వినపడేలా అడిగింది:

"ఏమే పొన్నుతాయి, మీ ఆయన మమ్మల్ని ఫ్యాక్టరీకి తోలుకుపోతా ఉండాడా, పెళ్ళిపీట మీద కూర్చోబెడతా ఉండాడా?"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. పొన్నుతాయి నవ్వలేదు. మారిసెల్వి వంతు వచ్చింది. రెండు చేతులు, మోచెయ్యి, కనకాంబరాలు. ఆ టైర్లను ఎంచింది తానే. ఒక పూట దొరికిన చెయ్యి కోసం ఊరందరికీ రోజుకు రెండుపూటలా అదే చెయ్యిని రాసిచ్చింది.

ఆ నెలంతా ఆమె తిండి సరిగా తినలేదు. బండి గురించి అంతోణి చెప్పిన ప్రతి మాటా నిజమైంది. వీధి మలుపులో జీపు మూడుసార్లు ముందుకూ వెనక్కీ ఆడితే గానీ తిరిగేది కాదు. బరువైన స్టీరింగు లాగి లాగి కుమారవేల్ భుజాలు పట్టేసేవి. సాయంత్రం అతని భుజాలకు నువ్వులనూనె రాస్తూ, ఈ నొప్పిలో స్టీరింగు పాలెంత, మారిసెల్వి పాలెంత అని ఆమె లెక్క కట్టేది. ఒకరోజు మారిసెల్వి బరువు తగ్గిందా అని అడిగింది కూడా. కుమారవేల్‌కి ఏమీ అర్థం కాలేదు. బరువు తగ్గింది ఏ బండికని అడిగాడు.

అప్పుడు తోచింది ఆమెకు మెట్టు. మెట్టుంటే ఎవరికీ చెయ్యి అక్కర్లేదు. అళగమ్మాళ్ అవ్వ జారిపడితే ఎవరు బదులు చెప్పాలని మొగుడిని నిలదీసింది. మెట్టు కిందికి వేలాడితే గట్టుకు తగిలి విరుగుతుందని అతను అన్నాడు. పొన్నుతాయి ఊరుకోలేదు. కోవిల్‌పట్టి బస్టాండు వెనక వెల్డింగ్ షాపుకు జీపును తోలించి, తాను ఎదురుగా నిలబడింది. గట్టుకు తగిలితే వెనక్కి మడుచుకునేలా, తలుపుకు వేసే బందులు పెట్టి అతికిస్తానన్నాడు షాపువాడు. వెనక ఒకటి, ముందు ఎడమవైపు ఒకటి. ఎంత ఎత్తులో అని అడిగితే ఆమె చీర కొంచెం ఎత్తి, కాలు సుఖంగా లేచినంత లేపి, గాలిలో అలాగే నిలిపింది.

"ఇదో, నా కాలు ఆడికి వస్తాది. ఆడికి పెట్టు."

మెట్టు పెట్టిన మర్నాడు కుమారవేల్ స్టీరింగు ముందే కూర్చున్నాడు. ఆడవాళ్ళు తమంతట తామే ఒకరి వెనక ఒకరు ఎక్కారు. పొన్నుతాయి ముగ్గు ఆరోజు చక్కగా కుదిరింది. ఊరు ఆమెను మెచ్చుకుంది. మొగుడి బండి ఎక్కే ఆడవాళ్ళ అవస్థ కనిపెట్టిన మనిషని అళగమ్మాళ్ కనపడిన వాళ్ళందరికీ చెప్పింది, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒక గిన్నెడు తెచ్చి ఇచ్చింది. పొన్నుతాయి తలవంచుకుని తీసుకుంది. సిగ్గనుకున్నారు.

మారిసెల్వి కూడా వచ్చింది. గడప దగ్గర కూర్చుని, ఎప్పట్లా నవ్వుతూ, "అక్కా, మంచి పని చేస్తివి. నాకి దినమూ భయమే. అన్న చెయ్యి చెమటకు జారతాది. అందుకే రెండు చేతులా పట్టేది" అంది.

ఇన్నాళ్ళ మంట ఆ ఒక్క మాటతో చల్లారాలి. చల్లారలేదు. చెమట చెయ్యట. జారుతుందట. తాను దోసకాయలు కొని మరీ అందుకున్న చేతికి ఈ పిల్ల వంక పెట్టిపోయింది. పొన్నుతాయి ఆ పూటంతా గిన్నెలు గట్టిగా తోమింది.

వానలు వచ్చాయి. రేగడిలో పెద్ద టైర్లు మడ్‌గార్డుల నిండా బురద నింపుకున్నాయి, కుమారవేల్ దాన్ని కర్ర పెట్టి తవ్వి తీసుకుంటూ బండిని నడిపించాడు. మెట్టు గట్టుకు తగిలినప్పుడల్లా మడుచుకుని, మళ్ళీ వచ్చి తన చోట నిలిచింది. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో మారిసెల్వికి పెళ్ళి కుదిరింది. పిల్లవాడిది విరుదునగర్, పెళ్ళి కూడా అక్కడే. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ముందురోజే బస్సులో వెళ్ళిపోయారు. పొన్నుతాయి, కుమారవేల్ ఇద్దరే జీపులో వెళ్ళారు. బయలుదేరేటప్పుడు ఇంటి ముందు ఎదురింటి వాళ్ళున్నారు కాబట్టి ఆమె మామూలుగా మెట్టు మీదుగానే ఎక్కింది. మనసులో మాత్రం విరుదునగర్ బజారు ఉంది. మారిసెల్వి పెళ్ళికూతురై కూర్చుంటే మొదటిసారి ఆ పిల్ల చక్కనిదని ఒప్పుకుంది, చేతిలో కానుక పెట్టింది.

భోజనాలయ్యాక బయటికి వచ్చారు. జీపు అంతోణి షాపున్న వీధిలోనే ఆపి ఉంది. ఎండ వాలింది. తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. పొన్నుతాయి ఎడమవైపు వెళ్ళి, కొత్త పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకుని నిలబడింది.

కుమారవేల్ తనవైపు ఎక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను మోగుతున్నా పక్కసీటు ఖాళీగా ఉండడం చూసి, వంగి బయటికి తొంగిచూశాడు.

"ఏమిటికి నిలిచితివి? మెట్టుండాదే, ఎక్కు."

ఆమె వీధి ఆ చివరా ఈ చివరా చూసింది. తరవాత ఖాళీ చేత్తో కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. తన కాలికే కొలిచి పెట్టించిన మెట్టు. ఒక్క అంగలో సీట్లోకి వచ్చేసింది.

"సుకంగా ఉండాది గదా?" అన్నాడు కుమారవేల్, గేరు వేస్తూ. "నీ బుద్ధి బుద్ధే."

"ఆ, సుకంగానే ఉండాది," అంది పొన్నుతాయి.

సాత్తూరులో టీకి ఆపనా అని అడిగితే, వద్దంది.