మావయ్యగారి నాలుక

ఇన్నేళ్లుగా గొంతుకు అడ్డంపడిన మాట ఒకటుంది. మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నేను కల్లులో కల్తీ చేశాను. ఇంతేనా అని నవ్వకండి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి చేసింది ఇంకా పాపం.

ఐ.పోలవరం దగ్గర కాలువగట్టున మాకు కల్లుపాక ఉండేది. మొదట నాన్న గీసేవాడు, తర్వాత నేను. సత్యం మావయ్యగారని ఒక రైతు రోజూ సాయంత్రం వచ్చేవారు. చుట్టరికమేమీ లేదు, వరస కలిపి పిలిచేవాళ్లం. ఏటా మొదటిసారి కల్లు దిగిన రోజు ఆయన తాటాకు దొప్ప పట్టేదాకా ఎవరూ ముట్టేవారు కాదు. ఒక గుక్క బుగ్గన పెట్టుకుని, కళ్లు మూసుకుని, అది ఏ గట్టు మీది చెట్టో చెప్పేసేవారు. మగచెట్టయిన పోతుతాడో, కాయలు కాసే పండుతాడో కూడా. ముంతలు మార్చి ఆయన్ని ఏడిపించాలని ఎన్నిసార్లు చూశామో! ఒక్కసారీ దొరకలేదు. అప్పుడు ఆయన ముఖం చూడాలి, పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

తొంభైల చివర్లో మావైపు వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. గట్లు తవ్వేశారు, వాటితోపాటే తాడిచెట్లూ పోయాయి. తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు. పాకకు వచ్చినవాణ్ని లేదు పొమ్మనడం నాకు చేతకాలేదు. చేతకాలేదా, ఇష్టం లేదా? ఇప్పటికీ తేల్చుకోలేను. మొదట నీళ్లు కలిపాను. చప్పబడితే తీపికి శాక్రిన్ వేశాను. ఎవరూ ఏమీ అనలేదు. నురగ కనిపిస్తే చాలు వాళ్లకి.

మావయ్యగారు ఒక్క గుక్కకే ఆగిపోయారు.

“ఏరా అబ్బాయ్, తేడాగా ఉందేంట్రా? ఏ చెట్టుది?”

“ఎప్పటిదేనండి. పెద్దగట్టు చెట్టేనండి.”

“మరి నాకు తెలీట్లేదేంట్రా?”

“వయసొచ్చింది కదండి మావయ్యగారూ. నాలుక మొద్దుబారుంటదండి.”

ఆయన నా ముఖంలోకి చూశారు. “అంతేనంటావా?”

“ఆయ్, అంతేనండి” అన్నాను.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మా నాన్న కొడుకు అబద్ధమాడతాడని ఆయనకు తోచి ఉండదు. అందుకే తన నాలుకనే అనుమానించుకున్నారు.

మరుసటి ఏడు మొదటి దొప్ప అందించబోతే చేయి అడ్డం పెట్టారు. “నాకేం తెలుస్తుందిరా, ఇంకెవరికైనా ఇయ్యి” అని ఒక మూలకు వెళ్లి కూర్చున్నారు. కొన్నాళ్లకు రావడమే మానేశారు.

ఉండబట్టలేక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. అత్తయ్యగారు గరిటెలో చేపల పులుసు తెచ్చి ఆయన్ని ఉప్పు చూడమన్నారు. “నా నాలుక పోయింది కదే, నన్నడక్కు” అన్నారాయన. ఆవిడ గరిటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? పాక పోతుందనా, పరువు పోతుందనా, లేక ఇన్నాళ్లూ నమ్మిన ఆ మనిషి కళ్లలో నేనెలా కనిపిస్తానో చూసుకునే ధైర్యం లేకనా? ఆయన నాకు మజ్జిగ ఇప్పించారు. “పులిసిపోయిందేమో చూసుకుని తాగరా, నాకు తెలీదు” అన్నారు. మజ్జిగ బాగానే ఉంది. సగం తాగి గ్లాసు దించేశాను.

ఆయన పోయారు, తన నాలుక పనికిరాదన్న నమ్మకంతోనే. తర్వాత పాకా మూతపడింది. ఇప్పుడు సాయంత్రాలు కాలువగట్టు మీద ఒక్కణ్నే కూర్చుంటాను. పాతవాళ్లు పలకరిస్తారు. అప్పటి కల్లు రుచే వేరని ఎవరైనా మొదలుపెడితే లేచి వచ్చేస్తాను. ఆ మాట వెనకే ఆయన పేరు వస్తుంది.

క్షమించమని ఎవరిని అడగను? మీరు క్షమించినా అది నాకు చెల్లదు. కానీ నోరు విప్పాను, గుండె కాస్త తేలికైంది. ఆయనతో అనవలసిన మాట కూడా ఇక్కడే అనేస్తాను.

మావయ్యగారూ, ఆ రోజు మీకు తెలిసిందే నిజమండి. మీ నాలుక బాగానే ఉందండి.